తొమ్మిది కిలోల పిడికెడు

“ఈ ఊళ్ళో నేరాలు ఎందుకు తగ్గిపోయాయో తెలుసా? నేనున్నానని!” అన్నాడు భూతద్దం.

ఆ మాట అన్నప్పుడు అతను నా కుట్టు దుకాణంలో తెర వెనక, నడుముకి లైనింగు గుడ్డ చుట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని ప్యాంటు నా మిషను మీద ఉంది. ముందురోజు ఎవరో అనుమానాస్పద వ్యక్తిని వెంటాడుతూ గోడ దూకబోతే వెనకభాగం నిలువునా చిరిగింది. ఆ గోడ వాళ్ళింటిదే. ఆ అనుమానాస్పద వ్యక్తి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషి.

“నాది మెదడు కాదోయ్, పాదరసం! నేరస్తుడు నేరం గురించి ఆలోచించేలోపే నేను వాడి గుమ్మంలో ఉంటాను.”

“ఉందువుగాని. ముందు ఆ గుడ్డ జారకుండా పట్టుకో,” అన్నాను.

భూతద్దానికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది ఆఫీసు రిజిస్టరు దాటి బయటికి రాదు. బస్టాండులో పోయిన సామాన్ల కౌంటరులో గుమాస్తా. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, సంచులు, ఒంటి చెప్పులు అన్నీ అతని దగ్గరికే చేరతాయి. ఒక్కోదాన్ని ఎగాదిగా చూసి రిజిస్టరులో రాస్తాడు: ‘గొడుగు, నలుపు, ఒకటి. యజమాని ఆరడుగుల పొడగరి, ఎడమచేతి వాటం, జీవితంలో దెబ్బతిన్నవాడు.’ మర్నాడు ఆ గొడుగు కోసం నాలుగున్నర అడుగుల పెళ్ళికూతురు నవ్వుతూ వస్తుంది. కుడిచేత్తో సంతకం పెడుతుంది. “మారువేషం,” అంటాడు మనవాడు తొణక్కుండా. అతని చేతిలోని భూతద్దం కూడా ఎవరో బస్సులో వదిలేసి, తిరిగి అడగనిదే.

ఇరవై ఏళ్ళుగా నేనతనికి స్నేహితుణ్ణి, సహాయకుణ్ణి, ప్యాంట్ల మరమ్మతుదారుణ్ణి. ఈ మూడింట్లో నేను కోరి చేరిన ఉద్యోగం ఒక్కటీ లేదు.

చివరి కుట్టు వేస్తుండగా గుమ్మం దగ్గర చక్రాలు కిర్రుమన్నాయి. కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచీ లాక్కుంటూ పెద్దమ్మ వచ్చింది. నా దుకాణం మీద రెండో అంతస్తులో ఉండే కండక్టరు వాళ్ళమ్మ ఆవిడ. మేడంతా ఆవిడని పెద్దమ్మే అంటుంది. సంచీలో కూరగాయల బదులు ఆవిడ కుక్క ఉంది. దాని పేరు పిడికెడు. పిల్లగా తెచ్చినప్పుడు పిడికిట్లో పట్టిందట. ఇప్పుడు సంచీలో పట్టడం లేదు. తల ఇటు, తోక అటు, మిగతాదంతా మధ్యలో పొంగిన పిండిలా కూరుకుని ఉంది.

“వీడి నడుం పట్టీ మళ్ళీ వదులు చెయ్యాలి నాయనా,” అంది.

మూడు నెలల్లో ఇది మూడోసారి. టేపు తీసి కొలిచాను. ఛాతీ కొలత దొరికింది. నడుము ఎక్కడుందో వెతుకుతుంటే పెద్దమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది.

“మా కోడలు నన్ను దొంగంటోంది! ఈ వయసులో, ఈ జుట్టు తెల్లబడ్డాక, నేను దొంగనట!”

తెర ఒక్క ఊపున పక్కకి జరిగింది. “దొంగతనమా!” అంటూ భూతద్దం బయటికి దూకాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. నేను గబగబా ప్యాంటు అందించాను.

సంగతి ఏమిటంటే, రెండు నెలల కిందట పిడికెడు మెట్లెక్కలేక మధ్యలో కూలబడిపోయింది. జంతువుల డాక్టరు చూసి, “గుండె మీద భారం పడుతోందమ్మా. ఎనిమిది కిలోలుంది, ఆరుకి దింపండి. లేకపోతే ఎన్నాళ్ళో ఉండదు,” అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. తక్కువ బలం ఉండే తిండి ఒక డబ్బా రాసిచ్చాడు. పూటకో చిన్న కప్పు, రోజుకి రెండు పూటలు. ఇంటిల్లిపాదీ అలాగే పెడుతున్నారు. నిన్న తూకం వేస్తే తొమ్మిది కిలోలు.

“సన్నబడే తిండి తిని లావెక్కిందా?” అన్నాను.

“నెల రావాల్సిన డబ్బా పన్నెండు రోజులకే ఖాళీ అవుతోంది. ఇంట్లో రోజంతా ఉండేదాన్ని నేనే కదా. చాటుగా నేనే పెడుతున్నానంటుంది కోడలు. ఒట్టేసినా నమ్మదు. శనివారం నాలుగింటికి డాక్టరుగారి కుక్కల హాస్టలు వ్యాను వస్తుందట. మూడు నెలలు అక్కడే ఉంచుతారట. అక్కడ వీడు నేను లేకుండా గుక్కెడు నీళ్ళు ముట్టడు. వీడు లేకుండా నేనూ ముట్టను. అంతే నాయనా.”

పెద్దమ్మ ఆ పట్టీ నా చేతిలో పెట్టి మొహం తిప్పుకుంది. కుక్క మాత్రం నా టేపు అంచు నాకుతోంది.

భూతద్దం కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. దాని తర్వాత ఎప్పుడూ ఏదో ఒకటి చిరుగుతుంది.

“పెద్దమ్మా, ఇది చిన్న విషయం కాదు,” అన్నాడు గొంతు తగ్గించి. “మీ ఇంటిని దోచుకోవడానికి ఒక ముఠా పథకం వేసింది. కాపలా కుక్కని లావెక్కించి, కదలకుండా చేసి, ఆ తర్వాత...” అని మెడ మీద వేలు అడ్డంగా గీశాడు.

“మా ఇంట్లో ఏముంది నాయనా దోచుకోడానికి? వీడు కాపలా కాసిందెప్పుడు? దొంగ వస్తే వాడి ఒళ్ళో పడుకుంటాడు.”

“అదే వాళ్ళ ధైర్యం!” అన్నాడు భూతద్దం.

* * *

మర్నాడు సాయంత్రం అతనితో పాటు రెండో అంతస్తుకి వెళ్ళాను. ఇల్లు చిన్నది, కానీ అద్దంలా ఉంది. దానికి కారణం కోడలు. ఆసుపత్రిలో నర్సు. తలుపు తీసి మమ్మల్ని చెప్పుల దగ్గర్నుంచి క్రాపు దాకా చూసింది.

“అన్నయ్యగారూ, మీరు వస్తారని మా ఆయన చెప్పారు. చెయ్యి కడుక్కుని లోపలికి రండి,” అంది.

కండక్టరు బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. అతనూ భూతద్దమూ ఒకే బస్టాండు. “రా గురూ. నువ్వైనా తేల్చు. అత్తాకోడళ్ళ మధ్య నేను రెండు బస్సుల మధ్య ఇరుక్కున్న సైకిలులా ఉన్నాను,” అన్నాడు.

నేరస్థలం వంటగది మూల. అక్కడ నేల మీద తిండి డబ్బా, డబ్బాలో కప్పు, దాని పక్కన గోడకి మోకాలెత్తులో ఒక పలక. పలకకి దారంతో కట్టిన సుద్దముక్క. పెద్దమ్మకి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు కాబట్టి, చిన్న స్టూలు మీద కూర్చుంటే అందేలా పలకని అంత కిందకి కొట్టారు.

“ఈ పలక ఏమిటి?” అన్నాడు భూతద్దం, బాంబుని చూసినట్టు చూస్తూ.

“మా వార్డు పద్ధతి,” అంది నర్సు. “మందు ఇచ్చిన వెంటనే చార్టులో రాయాలి. రాయనిది జరగనట్టే లెక్క. నేను ఒక షిఫ్టు, మా ఆయన ఒక షిఫ్టు, అత్తయ్య నిద్ర ఒక షిఫ్టు. ఎవరు పెట్టారో ఎవరు పెట్టలేదో అడుక్కుంటూ కూర్చుంటే కుదరదు. అందుకని కుక్కకి పెట్టినవాళ్ళు టిక్కు పెట్టాలి. ఒంటిగంట దాటాక ఎవరు ముందు చూస్తే వాళ్ళు పొద్దుటి టిక్కు చెరిపేయాలి. అక్కణ్ణుంచి సాయంత్రం పూట. పలక ఖాళీగా ఉంటే పెట్టాలి, టిక్కు ఉంటే పెట్టకూడదు. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.”

చివరి మాట అత్తగారి గది వైపు చూస్తూ అంది.

“నేను పలక చూసే పెడుతున్నాను!” అని గదిలోంచి వినిపించింది.

“నేనూ అంతే,” అన్నాడు కండక్టరు. “టిక్కెట్టు మీద చిల్లు పడ్డాక మళ్ళీ చిల్లు కొట్టేవాణ్ణి కాదు నేను.”

“అందరూ పలక చూసే పెడితే డబ్బా ఎలా ఖాళీ అవుతోంది?” అంది నర్సు. “పలక అబద్ధం చెప్పదు అన్నయ్యగారూ. మనుషులే చెబుతారు.”

ఈ వాదనలో నాకూ లొసుగు కనబడలేదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను. భూతద్దం జేబులోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీశాడు. వేలిముద్రల కోసం పలక మీద చల్లాడు. పలక మీద కొంత, నర్సు తుడుచుకున్న నేల మీద చాలా పడింది. తర్వాత నేల మీద బోర్లా పడుకుని భూతద్దంతో చూశాడు. చూసి, చటుక్కున లేచి కూర్చున్నాడు.

“ఒక్క వేలిముద్ర లేదు! ముగ్గురు మనుషులు రోజూ ముట్టుకునే పలక మీద ఒక్కటి లేదు! ఎవరో దీన్ని శుభ్రంగా తుడిచేశారు. గ్లౌజులు వాడే మనిషి. ఆరితేరిన మనిషి.” అంటూ నెమ్మదిగా నర్సు వైపు తిరిగాడు.

నర్సు చీపురు తెచ్చి అతని చేతికిచ్చింది. మనవాడు నేలంతా ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే లేచాడు.

కిందకి దిగుతూ, “ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు,” అన్నాను.

“ఈశ్వరుడి దగ్గర భూతద్దం లేదు కదా,” అన్నాడు.

* * *

బుధవారానికి దోపిడీ ముఠా పథకం పాతబడిపోయి కొత్త సిద్ధాంతం పుట్టింది.

“కుక్క లావెక్కడం లేదోయ్! కుక్కని మార్చేస్తున్నారు!” అన్నాడు దుకాణంలోకి దూసుకొచ్చి. “వారానికోసారి, అదే రంగు, అదే మొహం, కొంచెం పెద్ద కుక్క! చూసేవాళ్ళకి ఇదే లావెక్కినట్టుంటుంది. అంతర్జాతీయ ముఠా పని!”

“అంతర్జాతీయ ముఠాకి ఇందులో లాభమేమిటి?”

“అదే వాళ్ళ తెలివి. లాభం లేని పనిని ఎవరూ అనుమానించరు.”

ఈ మాటకి జవాబు చెప్పాలంటే అతనంత మెదడు ఉండాలి. అతను నా బల్ల మీద గుడ్డలకి గుర్తులు పెట్టే నీలం సుద్దబిళ్ళ తీసుకుని, పెద్దమ్మ తెచ్చిన పిడికెడుని వెల్లకిలా తిప్పి, పొట్ట మీద ఇంత పెద్ద గుణకారం గుర్తు గీశాడు. కుక్కకి గిలిగింతలు పెట్టినట్టుంది, కాళ్ళు గాల్లో ఆడించింది.

“రేపు ఈ గుర్తు లేకపోతే కుక్క మారిపోయినట్టే.”

మర్నాడు గుర్తు లేదు.

“చెప్పానా!” అని గంతేశాడు భూతద్దం. “పెద్దమ్మా, గుండె దిటవు చేసుకోండి. ఇది మీ పిడికెడు కాదు.”

పెద్దమ్మ సంచీ పిడి వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏమన్నావు? తొమ్మిదేళ్ళు నా పక్కలో పడుకున్నవాణ్ణి పట్టుకుని నావాడు కాదంటావా? వీడి ఎడమ చెవి వెనక కాయ ఉంది చూడు. వీడు నిద్రలో ఎలా మూలుగుతాడో నాకు తెలుసు. నీ అద్దం పెట్టుకుని ముందు నీ మొహం నువ్వు చూసుకో!”

“నకిలీ కాయ కూడా పెట్టుంటారు,” అని గొణిగాడు మనవాడు, ఆవిడకి వినబడకుండా.

నీలం గుర్తు ఏమైందో నాకూ తట్టలేదు. పిడికెడు నాలుక అంచు నీలంగా ఉండటం చూశాను కూడా. గుండె జబ్బు ముదిరిందేమోనని నాలో నేనే భయపడ్డాను తప్ప పెద్దమ్మకి చెప్పే ధైర్యం చాలలేదు. దద్దమ్మల్లో నేనేమీ తక్కువ తినలేదని ఇప్పుడు తెలుస్తోంది.

శుక్రవారం నిఘా పెట్టాడు. డాక్టరు చెప్పిన ప్రకారం పెద్దమ్మ రోజూ పొద్దున కుక్కని వీధి చివరిదాకా నడిపిస్తుంది. దారిలో ఎవరో తినిపిస్తున్నారని అనుమానం. భూతద్దం పోయిన సామాన్ల కౌంటరు నుంచి ఎవరూ అడగని రెయిన్‌కోటు, నల్లకళ్ళజోడు, ఒక సొట్టపడిన టోపీ తెచ్చుకుని మండుటెండలో తయారయ్యాడు. నన్నూ రమ్మన్నాడు.

మనిషిని వెంబడించడం వేరు, పిడికెడుని వెంబడించడం వేరు. అది పదడుగులు వేసి కూర్చుంటుంది. ఆయాసపడుతుంది. పెద్దమ్మ వంగి, “ఇంకొక్క నాలుగడుగులు నాన్నా, మా నాన్న కదూ,” అని బతిమాలుతుంది. మళ్ళీ పదడుగులు. మేము ఎంత మెల్లగా నడిచినా వాళ్ళని దాటేసేవాళ్ళం. దాటాక భూతద్దం చెప్పుల దారం కట్టుకున్నట్టు వంగేవాడు. అతని చెప్పులకి దారాలు లేవు. అలా నాలుగుసార్లు దాటి, మూడుసార్లు వెనక్కొచ్చి, చివరికి రొట్టెల దుకాణం గోడకి ఆనుకుని పేపరు చాటున నిలబడ్డాం. పిడికెడు నేరుగా వచ్చి భూతద్దం పాదం మీద కూర్చుంది. తొమ్మిది కిలోలు.

“కదలకు,” అన్నాడు పళ్ళ బిగువున. “మనల్ని గుర్తుపట్టకూడదు.”

“ఎండలో ఆ కోటేమిటి నాయనా, జ్వరమా?” అంది పెద్దమ్మ.

రొట్టెల దుకాణం ఆయన బయటికొచ్చి, “ఎవరండీ ఈయన? అరగంట నుంచి మా గోడ దగ్గర అనుమానంగా తచ్చాడుతున్నాడు,” అన్నాడు. దారి పొడుగునా పిడికెడుకి ఎవరూ గింజ కూడా పెట్టలేదు. వీధి మొత్తానికి అనుమానించదగ్గ మనిషి ఒక్కడే తేలాడు, వాడు మావాడు.

ఆ రోజు పెద్దమ్మ వీధి చివరిదాకా వెళ్ళలేదు. సగంలోనే మెట్టు మీద కూర్చుని కుక్క తల ఒళ్ళో పెట్టుకుంది. “రేపు నీ దుప్పటి సర్దాలి,” అంది మాతో కాదు, దానితో. భూతద్దం టోపీ తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. మొదటిసారి అతని మొహంలో డిటెక్టివు లేడు, మామూలు మనిషి ఉన్నాడు.

“రేపటికి తేలుస్తాను పెద్దమ్మా. తేల్చకపోతే ఈ అద్దం ముట్టను,” అన్నాడు.

ఆ మాట నిజంగా అన్నాడని నాకు తెలిసింది. అందుకే భయమేసింది.

* * *

శనివారం మూడు గంటలకి అందర్నీ ఆ వంటగదిలో సమావేశపరిచాడు. కండక్టరు డ్యూటీ దిగి వచ్చాడు. నర్సుకి ఆ రోజు సెలవు. వ్యాను వెనకాలే వెళ్ళడానికి బట్టలు మార్చుకుని సిద్ధంగా ఉంది. పెద్దమ్మ తలుపు దగ్గర చిన్న స్టూలు మీద కూర్చుంది. పక్కన రెండు మూటలు. ఒకటి కుక్క దుప్పటి, రెండోది ఆవిడ చీరలు.

“రెండోది ఎందుకత్తయ్యా?” అంది నర్సు.

“హాస్టల్లో మూల ఇంత చోటిస్తే నేనూ ఉంటాను. ఇవ్వకపోతే గేటు దగ్గర కూర్చుంటాను. దొంగని ఇంట్లో పెట్టుకోవడం నీకు మాత్రం ఎందుకు?”

“అమ్మా!” అన్నాడు కండక్టరు. నర్సు కిటికీ వైపు తిరిగింది.

భూతద్దం గొంతు సవరించుకున్నాడు. “ముందు సాక్ష్యాల పరిశీలన!” అని తిండి డబ్బా మూత తీసి, దానికి రహస్యపు అడుగు ఏమైనా ఉందేమోనని మోచేతిదాకా చెయ్యి దూర్చి కెలికాడు. ఆ తిండికి చేపనూనె పట్టించి ఉంటుంది. వంటగదంతా చేపల కంపు కొట్టింది. రహస్యపు అడుగు లేదు. మామూలు అడుగే, అదీ దగ్గర్లోనే ఉంది. ఆ జిడ్డు చేత్తోనే సుద్దముక్క పట్టుకుని, పలక ముందు చతికిలబడి పైనుంచి కిందకి రాశాడు:

పెద్దమ్మ
నర్సు
కండక్టరు
డాక్టరు
దర్జీ

“దర్జీ ఎవరు?” అన్నాను.

“నువ్వే. పట్టీలు మళ్ళీ మళ్ళీ కుట్టించుకోవడం వల్ల ఎవరికి పని దొరుకుతోంది? స్నేహం వేరు, న్యాయం వేరు.”

నేను కత్తెర వెంట తేనందుకు సంతోషించాను. అతను లేచి, పలకకి వీపు పెట్టి, మా వైపు తిరిగి, చేతులు వెనక కట్టుకున్నాడు.

“ఈ గదిలో ఒక ద్రోహి ఉన్నాడు!”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

“తన నవ్వు వెనక విషం దాచుకున్న ద్రోహి! చట్టం కళ్ళలో కారం కొట్టొచ్చు, నా కళ్ళలో కొట్టలేరు. మొదటి రోజు నుంచే ఆ నేరస్తుడి అడుగుల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది...”

అప్పుడే నేను చూశాను. పిడికెడు లేచింది. దాని మట్టుకు అది లేవడమే ఒక వార్త. పొట్ట ఊపుకుంటూ భూతద్దం కాళ్ళ వెనకాలికి వెళ్ళింది. పలక వాసన చూసింది. నాలుక బయటికి తీసి, ఒక్క నాకు నాకింది. ‘దర్జీ’ పోయింది.

నా నిర్దోషిత్వం రుజువైందన్న సంతోషంలో అసలు సంగతి నాకు వెంటనే ఎక్కలేదు.

“...ఆ చెయ్యి ఎవరిది? వైద్యం పేరుతో ఈ ఇంట్లోకి అడుగుపెట్టిన చెయ్యా?”

‘డాక్టరు’ పోయాడు.

“టిక్కెట్ల చాటున దాక్కున్న చెయ్యా?”

పిడికెడు ముందుకాళ్ళు గోడకి ఆనించి నిలబడింది. ‘కండక్టరు’ సగం పోయి, మిగతా సగం కూడా పోయాడు. కండక్టరు నోరు తెరిచాడు. నర్సు అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళు పలక మీదే ఉన్నాయి, రెప్ప పడటం లేదు.

“లేక రోగుల నాడి పట్టే చెయ్యా?”

కుక్క మెడ సాగదీసింది. ‘నర్సు’ మాయం. ఇంకో అడుగు పైకి ఎగబాకబోయి, పొట్ట అడ్డొచ్చి, దబ్బున కూర్చుని మూతి నాక్కుంది.

“చాలు ఈ నాటకం! అసలు నేరస్తుడి పేరు ఈ పలక మీదే ఉంది! చూడండి!” అని భూతద్దం గిర్రున తిరిగి వేలు చూపించాడు.

పలక మీద ఒకే ఒక్క పేరుంది. పెద్దమ్మ.

భూతద్దం ఒక్క క్షణం గుటకలు మింగాడు. తర్వాత ఛాతీ విరుచుకున్నాడు. “చూశారా! నా తర్కం ఒక్కొక్కరినీ ఎలా తొలగించుకుంటూ వచ్చిందో! పెద్దమ్మా, మన్నించాలి. చట్టం ముందు...”

“నువ్వు కాస్త పక్కకి జరుగు అన్నయ్యా,” అంది నర్సు. గారూ లేదు, మీరూ లేదు.

ఆవిడ నేల మీద కూర్చుంది. డబ్బాలో చెయ్యి పెట్టి కప్పు నింపింది, మళ్ళీ డబ్బాలోనే ఒంపేసింది. రోజూ చేసేటట్టే ఆ చేత్తో సుద్ద తీసి పలక మీద టిక్కు పెట్టింది. రెండడుగులు వెనక్కి జరిగింది. పిడికెడు వచ్చి టిక్కు నాకేసింది. పలక నిగనిగలాడుతూ ఖాళీ అయింది.

“నేను అయిదున్నరకి పెట్టి వెళ్తున్నాను,” అంది నర్సు నెమ్మదిగా.

“నేను ఎనిమిదింటికి చూస్తే ఖాళీగా ఉండేది,” అంది పెద్దమ్మ. “తొందరలో కోడలు మరిచిపోయిందేమో, పోనీలే పాపం, దెప్పడమెందుకని పెట్టేసేదాన్ని.”

“నేను ఒంటిగంటకి వస్తే ఖాళీ,” అన్నాడు కండక్టరు. “అమ్మ చెరిపేసి పడుకుందనుకున్నాను. సాయంత్రానిది ముందే పెట్టేస్తే ఒక పని అయిపోతుంది కదా అని...”

“నేను నాలుగింటికి,” అంది నర్సు.

“నేను ఏడింటికి,” అంది పెద్దమ్మ.

రోజుకి అయిదు పూటలు. సన్నబడే తిండే, అయిదు పూటలు! డబ్బా పన్నెండు రోజులు వచ్చిందంటే గొప్పే. మొత్తం ఇంట్లో ఒక్కరు, ఒక్కరోజు, నోరు తెరిచి ‘కుక్కకి పెట్టావా?’ అని అడిగి ఉంటే సరిపోయేది. పలక ఉండగా నోరెందుకని ఎవరూ అడగలేదు. అందరి మీదా అందరికీ అనుమానం వచ్చింది గానీ, పలక మీద ఎవరికీ రాలేదు.

నర్సు లేచి వెళ్ళి పెద్దమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“తప్పు నాది అత్తయ్యా. రాయనిది జరగనట్టే అని పెద్ద గొప్పగా నేనే చెప్పాను. మీరు ఒట్టేసి చెబితే నమ్మలేదు, ఆ చెక్కముక్కని నమ్మాను. దొంగన్నాను మిమ్మల్ని.” వార్డులో నలభై మందిని ఒంటిచేత్తో నడిపే మనిషి వెక్కివెక్కి ఏడ్చింది.

పెద్దమ్మ కోడలి తల మీద చెయ్యి వెయ్యబోయింది. భుజం లేవలేదు. అందుకని వంగి, తన తలనే కోడలి తలకి ఆనించింది.

“ఊరుకో. అందరి పేర్లూ తినేశాడు, నా పేరు తినడానికి వాడికి మనసొప్పలేదు, చూశావా? వాడికైనా తెలుసు నేనెలాంటిదాన్నో.”

అందక వదిలేసిందని చెప్పబోయాను. కండక్టరు నా కాలు తొక్కాడు.

కింద వీధిలో వ్యాను హారన్ వినిపించింది. “నేను చెప్పొస్తాను,” అని కండక్టరు రెండేసి మెట్లు దూకుతూ వెళ్ళాడు. ఖాళీ వ్యాను తిరిగి వెళ్ళిపోయిన చప్పుడు వినేదాకా పెద్దమ్మ ఊపిరి బిగబట్టుకునే ఉంది.

భూతద్దం మాత్రం గది మధ్యలో, చేపనూనె కారుతున్న చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. పిడికెడు వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే శ్రద్ధగా నాకింది.

“ఇదంతా నా పథకమే,” అన్నాడు చివరికి. “జిడ్డు చేత్తో రాసింది ఊరికే అనుకున్నారా?”

ఆ రోజు ఎవరికీ అతనితో పోట్లాడే ఓపిక లేదు. పెద్దమ్మ అయితే, “బుర్రంటే నీదే నాయనా,” అని మనస్ఫూర్తిగా అంది. ఇరవై ఏళ్ళలో అతనికి ఆ మాట చెప్పిన మొదటి మనిషి. మనవాడు భూతద్దం తీసి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. దాంతో అతని కన్నీటిచుక్క మాకు రేగుపండంత కనిపించింది.

* * *

ఆ తర్వాత ఆ ఇంట్లో పలక లేదు. కండక్టరు డిపో నుంచి ఫోను చేస్తాడు, “అమ్మా, వాడికి పెట్టావా?” అని. వాడి గురించి మొదలైన ఫోను భుజం నొప్పి మీదుగా, ఎండల మీదుగా, పక్కింటివాళ్ళ మీదుగా పావుగంట నడుస్తుంది. నర్సు షిఫ్టు మధ్యలో చేసి, “అత్తయ్యా, మీరు తిన్నారా?” అని ముందు అడుగుతుంది, కుక్క సంగతి తర్వాత. రోజుకి రెండు పూటలు, పూటకో కప్పు. నడక మొదట సగం వీధి, తర్వాత వీధి చివర, ఆ తర్వాత మలుపు. నాలుగు నెలలకి పిడికెడు ఆరు కిలోల మీద ఓ పిసరుకి దిగింది. పట్టీ నాలుగుసార్లు బిగించాను. నడుము దొరికింది.

మొన్న పొద్దున నేనూ భూతద్దమూ దుకాణం ముందు నిలబడి ఉండగా వాళ్ళు నడక ముగించుకుని వచ్చారు. చక్రాల సంచీలో ఈసారి నిజంగానే కూరగాయలున్నాయి. మెట్ల దగ్గర పెద్దమ్మ అలవాటు కొద్దీ కుక్కని బతిమాలడానికి వంగింది. అది ఆగలేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, మొదటి మలుపు దాటి, కనబడకుండా పోయింది.

“ఒరేయ్, ఆగరా! నీ జోరు మండ, నేను రావద్దూ!” అని కేకేస్తూ పెద్దమ్మ కమ్మీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. నాలుగు మెట్లెక్కి ఆయాసంతో ఆగింది.

భూతద్దం నా మోచెయ్యి పట్టుకుని చెవిలో అన్నాడు, “గమనించావా? ఆవిడకి ఆయాసం! ఆ ఇంట్లో ఆవిడకి ఎవరో చాటుగా ఎక్కువ పెడుతున్నారు.”

పైన మెట్ల మలుపులో పిడికెడు తల బయటికి పెట్టి చూసింది. పెద్దమ్మ ఇంకా రాలేదని గ్రహించి, టకటకా దిగివచ్చి, ఆవిడ నిలబడ్డ మెట్టు మీదే పక్కన కూర్చుంది. ఆవిడ ఊపిరి కుదుటపడేదాకా కదల్లేదు. తర్వాత ఇద్దరూ లేచి, మెట్టు మెట్టుకీ ఆగుతూ, మెల్లగా ఇంటికి వెళ్ళిపోయారు.